పేజీ నంబరు లేని అమ్మాయి

పోయిన ఏడాది మా జిల్లాకు ఒక లక్ష్యం వచ్చింది. మార్చి నెలాఖరులోగా ఆటిజం ఉన్నవారిని ఐదువందల మందిని గుర్తించాలి. అన్ని జిల్లాలకూ లక్ష్యం ఒకటే. జిల్లాలో ఎంతమంది ఉన్నారో తెలియకుండా ఎంతమందిని గుర్తించాలో ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు. వానలు పడకముందే మొక్కలు నాటే లక్ష్యం, జ్వరాలు రాకముందే మాత్రలు మింగించే లక్ష్యం చూసిన జిల్లా మాది. లక్ష్యాన్ని ప్రశ్నించే అలవాటు మాకు లేదు.

పెద్దాసుపత్రిలో ఈ పని తెలిసినవారు ఒక్కరే, డాక్టర్ హేమనళిని. ఆవిడ మంగళవారాలు పిల్లల్ని చూసేవారు. ఒక్కొక్కరికి ఒక పూట పట్టేది. తల్లితో మాట్లాడాలి, పిల్లతో ఆడాలి, కొంతసేపు ఏమీ చేయకుండా పక్కన కూర్చుని చూడాలి. దసరా నాటికి ఏడుగురిని గుర్తించారు. ప్రత్యేకాధికారి కామేశం గారు ఆ ఏడును పైకి పంపితే, పక్కన సున్నాలు వేయడం మరిచిపోయారా అని పైనుంచి ఫోను వచ్చింది.

ఆ దిగులులో ఉండగా కామేశం గారిని రాజధానిలో ఒక సదస్సుకు పంపారు. అక్కడ ఒక ప్రొఫెసరు కథల్లోని పాత్రల గురించి ప్రసంగించారట. ఎదుటివాళ్ల మొహం చూసి మాట్లాడలేనివాళ్లు, ఒకే విషయం పట్టుకుని అందులోనే కాపురం ఉండేవాళ్లు, చప్పుడుకు చెవులు మూసుకునేవాళ్లు, అబద్ధం చేతకానివాళ్లు మనం చదివిన కథల నిండా ఉన్నారు, వాళ్లలో ఆటిజం లక్షణాలను గుర్తుపట్టడం నేర్చుకుంటే రేపు పక్కింటి పిల్లవాణ్ని మొండివాడు అనకుండా ఉంటాం అని ఆయన చెప్పారు. మాట మంచిదే. నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే ఆ వాక్యం సగంలో ఉండగా భోజనాలకు పిలిచారు. కామేశం గారు మొదటి సగంతో తిరిగొచ్చారు.

వచ్చి, లక్ష్యం తాలూకు ఉత్తర్వు మళ్లీ చదివారు. గుర్తించవలసిన వ్యక్తులు అని ఉంది. ఆ వ్యక్తులు ఊపిరి పీలుస్తూ ఉండాలన్న షరతు ఎక్కడా లేదు.

అలా పాత్రల గుర్తింపు సంఘం పుట్టింది. కామేశం గారు అధ్యక్షులు. డాక్టర్ హేమనళినిని ఆసుపత్రి నుంచి పూర్తికాలానికి ఇటు పంపించారు. పాత్రలను తప్ప వేరెవరినీ పరీక్షించరాదని ఆవిడకిచ్చిన ఉత్తర్వులోనే రాసి ఉంది. మంగళవారాలు ఆగిపోయాయి. లైబ్రేరియన్ సూర్యారావు గారు కార్యదర్శి. అనధికార మహిళా పాఠకురాలు ఒకరు ఉండాలన్నారు కనుక నన్ను వేశారు. నాకున్న అర్హత ఏమిటంటే, లైబ్రరీ పుస్తకాల్లో అచ్చుతప్పులు పెన్సిలుతో దిద్దడం. దానికి జరిమానా వేయడానికి పిలిచిన సూర్యారావు గారు, నన్ను చూడగానే ఖాళీగా ఉన్న స్థానం గుర్తొచ్చి సభ్యురాలిని చేశారు.

నేను ఒప్పుకోవడానికి ఒక కారణం ఉంది. మా ఇంటి కింది వాటాలో భ్రమరాంబ ఉంటుంది. జాకెట్లు కుడుతుంది. ఆమె భర్త దూరపు డిపోలో బస్సు డ్రైవరు, వారానికొకసారి వస్తాడు. వాళ్ల అమ్మాయి తరణి పదో తరగతి. నన్ను మేడమీదత్త అంటుంది. ఇంట్లో తల్లి గుడ్డలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చుని ఏ ప్రశ్న ఇచ్చినా రాస్తుంది. పరీక్ష హాలులో రాయలేదు. బెంచీలు ఈడుస్తారు, ఎవరో పెన్ను టకటకలాడిస్తారు, తనిఖీవాళ్ల బూట్లు వరండాలో మోగుతాయి. హాఫియర్లీ పరీక్షలో కాసేపటికే లేచి వచ్చి స్కూలు కుళాయి దగ్గర చెవులు మూసుకుని కూర్చుంది. కాగితం తెల్లగా ఉంది. గుర్తింపు పత్రం ఉంటే వేరే గది, ఇంకో గంట సమయం ఇస్తారని హెడ్మాస్టరు చెప్పారు. ఆ పత్రం ఇవ్వగలిగింది హేమనళిని ఒక్కరే. ఆవిడ పక్క కుర్చీలో కూర్చునే అవకాశం వస్తే వదులుకుంటానా.

మొదటి సమావేశంలో మొదటి పేరు గవరయ్య. ఒక పాత నవలలో గడియారాలు బాగుచేసేవాడు. సొంత తమ్ముడి పెళ్లికి వెళ్లి, తాళి కట్టే సమయానికి పందిట్లో లేకుండా విడిదింట్లో ఆగిపోయిన గోడ గడియారం విప్పుకుని కూర్చుంటాడు. కామేశం గారు దరఖాస్తు తానే నింపారు. నివాసం, నవల. లక్షణం, పేజీ నూటపన్నెండు. తండ్రి పేరు దగ్గర ఆగి, కాసేపు ఆలోచించి, రచయిత పేరు రాశారు.

ఈయన్ని నేనేమైనా అడగవచ్చా అన్నారు హేమనళిని, నిజంగా తెలియక.

"నిరభ్యంతరంగా అడగండి మేడం. సమాధానం అదే పేజీలో గలదు."

ఆవిడ పేజీ చదివారు. కుర్చీలోంచి లేచి పారిపోని మొదటి పేషెంటు అని నా చెవిలో అని, సంతకం పెట్టారు. సాయంత్రానికి పదకొండుమంది అయ్యారు. వెనకటి ఏడుగురిని కూడా కలుపుకుంటే బాగుంటుందని సూర్యారావు గారు అన్నారు గానీ, వాళ్లు పాత పద్దులో ఉన్నారు కనుక కొత్త లెక్కలోకి రారని తేలింది. బతికి ఉన్నవాళ్లు అలా తొలిరోజే తప్పుకున్నారు.

పని చురుగ్గా సాగింది. చిక్కు ఒక్కటే, సంరక్షకుల సంతకం. పాత్రకు సంరక్షకుడు రచయిత కదా. బతికున్న రచయితలందరికీ తాఖీదులు వెళ్లాయి. ముందుగా వచ్చినవారు వీరభద్రం గారు, ఎనభై దాటిన నవలాకారుడు. ఆయన నవలలో నాయకుడు పెళ్లిచూపుల్లో అమ్మాయిని చూడకుండా గోడమీద బల్లిని చూస్తాడు. ఆ ఒక్క దృశ్యం మూడు పేజీలు.

"మీ అబ్బాయికి ఇది చిన్ననాటి నుంచీ ఉన్నదా?" అని అడిగారు కామేశం గారు.

"వాడికి చిన్నతనం ఎక్కడిదండీ? నవల మొదలయ్యేసరికే వాడికి ఇరవయ్యారేళ్లు."

"అనగా పూర్వ చరిత్ర దాచిపెట్టారన్నమాట."

వీరభద్రం గారికి కోపం వచ్చింది. వాడికి ఆ అమ్మాయి నచ్చింది, నచ్చింది కాబట్టే చూడలేకపోయాడు, దాన్ని సిగ్గు అంటారు, అసలు వాడు నేనే అన్నారు. అయితే మీరు పాత్రా, సంరక్షకుడా తేల్చి చెప్పండి, రెండు హోదాల్లో సంతకం చెల్లదు అన్నారు కామేశం గారు. రచయిత అభిప్రాయాన్ని పరిగణించనక్కర లేదని, సంతకం మాత్రం తప్పనిసరి అని కూడా వివరించారు. పెద్దాయన చేతికర్ర తీసుకుని లేచారు. అప్పుడు సూర్యారావు గారు బీరువా లోంచి శాలువా తీశారు. శాలువా భుజాలమీద పడగానే ఆయన కుడిచెయ్యి అలవాటు కొద్దీ పెన్ను అందుకుంది.

చనిపోయిన రచయితల పాత్రలు అనాథలు. వాళ్లకు తహసీల్దారు ధ్రువపత్రం కావాలి. నవలలో ఏ ఊరు రాసి ఉంటే ఆ ఊరికి విచారణకు మనిషిని పంపారు. ఒక పూజారి పాత్ర గురించి వచ్చిన నివేదిక నాకు ఇప్పటికీ గుర్తుంది. సదరు వ్యక్తి ప్రస్తుతం గ్రామంలో లేడనీ, బతుకుతెరువుకు వలస వెళ్లినట్లు ఇరుగుపొరుగువారు చెప్పారనీ రాశారు. ఇరుగుపొరుగువారు ముగ్గురు వేలిముద్రలు కూడా వేశారు.

ప్రతినాయకుల విషయంలో పెద్ద చర్చే జరిగింది. ఒక కథలో వడ్డీవ్యాపారికి లక్షణాలన్నీ ఉన్నాయి. కానీ దుర్మార్గుణ్ని గుర్తిస్తే మంచి పాత్రల మనోభావాలు దెబ్బతింటాయన్నారు. చివరి అధ్యాయంలో మారినవాళ్లను మాత్రమే తీసుకోవాలని, మారకుండా చనిపోయినవాళ్లను తిరస్కరించాలని తీర్మానించారు. ఒక పిల్లల కథలో గుడ్లగూబకు మాత్రం ఏ అభ్యంతరమూ రాలేదు.

గుర్తించాక సౌకర్యాలు కల్పించాలి. ఉత్తర్వులో ఆ మాట స్పష్టంగా ఉంది. లైబ్రరీలో తూర్పువైపు గదిని ప్రశాంత మందిరం చేశారు. కిటికీలకు రెండు వరసల తెరలు, చప్పుడు చేయని ఫ్యాను, కళ్లలో పడని దీపాలు. గంట తీగ తెంపేశారు. అరలకు మెత్తటి గుడ్డ పరిచి, గుర్తింపు పొందిన పాత్రల పుస్తకాలను ఒకదానికొకటి తగలకుండా జానెడు దూరంలో పెట్టారు. వాచ్‌మన్ చెప్పులు విప్పి తిరుగుతాడు. పాఠకులను రానివ్వరు. వస్తే చప్పుడవుతుంది.

ఆ గది చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. తరణికి కావలసింది అంతకంటే ఏమీ లేదు. ఫ్యాను కొంచెం చప్పుడు చేసినా సర్దుకుంటుంది.

సంక్రాంతి సెలవులు అవగానే భ్రమరాంబను, తరణిని సమావేశానికి తీసుకువెళ్లాను. ఆలస్యం చేయకూడదని ముందే కామేశం గారికి చెప్పి ఉంచాను. ఆయన ఆదరంగానే కూర్చోబెట్టి, దరఖాస్తు తీశారు.

"అమ్మాయి ఏ పుస్తకంలోనిది?"

"పుస్తకాలన్నీ ఉన్నాయండి. గైడు కూడా కొన్నామండి," అంది భ్రమరాంబ.

"అది కాదమ్మా. ఈమె ఏ గ్రంథంలో, ఏ పేజీలో ఉన్నదని."

భ్రమరాంబ నా వైపు చూసింది. "మా ఇంట్లోనే ఉంటాదండి."

కామేశం గారు పెన్ను మూత పెట్టారు. పేజీ నంబరు లేనివారిని ఎలా గుర్తించాలో తమకు మార్గదర్శకాలు లేవన్నారు. నేను పట్టుబట్టాను. సరే, మీ మాట తీసేయలేక అంటూ, నమూనాతో పోల్చి చూద్దామన్నారు. నమూనా గవరయ్య. అప్పటికి జిల్లాలో ఆటిజం అంటే గవరయ్యే. ఆయన బొమ్మ గీయించి గోడకు తగిలించారు కూడా.

"లెక్కల్లో ఎన్ని మార్కులు?"

"తొమ్మిదిలో ముప్పై ఎనిమిదండి వందకి."

"గవరయ్య ఏడంకెల గుణకారం నోటితో చేస్తాడు."

తరణి అంతవరకు బల్లమీద సిరామరకను చూస్తూ ఉంది. అటు చూస్తూనే అంది: "ఆయన చెయ్యలేదు. రాసినాయన కాగితం మీద చేసుకుని ఉంటాడు."

హేమనళిని తల ఎత్తారు. కామేశం గారు మా వైపు చేతులు చాపారు. "చూశారా. ఎదురు సమాధానం. గవరయ్య నవలంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడాడు. ఈమెకు లక్షణాలు సరిపోలుట లేదు."

డాక్టరుగారైనా ఒక్కసారి పిల్లను చూడమని అడిగాను. ఆవిడ మొహం ఎర్రబడింది. ఏప్రిల్ దాకా తనకు బతికున్నవాళ్లను చూసే అధికారం లేదని, చూసి సంతకం పెట్టినా అది చెల్లదని మెల్లగా చెప్పారు. ఏప్రిల్‌కు పరీక్షలు అయిపోతాయి. ఇల్లు చేరాక భ్రమరాంబ, "మనిషై పుట్టడం కూడా మా పిల్ల తప్పేనా అక్కా?" అంది. గొంతు పెంచకుండా అంది. అందుకే నేను ఆ సాయంత్రమే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

నేను కథలు రాసేదాన్ని కాదు. అయితే ఇంతమంది కథలు దిద్దినదాన్ని, ఒకటి రాయలేనా. పేరు తరణి అనే పెట్టాను. తండ్రి పేరు, వీధి పేరు, స్కూలు పేరు ఉన్నవి ఉన్నట్టు రాశాను. పరీక్ష హాలు రాశాను, కుళాయి రాశాను. చివర్లో తల్లి మెడ కౌగిలించుకుని వెక్కివెక్కి ఏడ్చినట్టు ముగించాను. తరణి చదివి, నా పెన్సిలే తీసుకుని ఆఖరి పేరా కొట్టేసింది. తను ఏడవలేదట. మెడ పట్టుకుంటే ఊపిరాడదట. అమ్మ అయితే చిటికెనవేలు పట్టుకుంటుందట. నేను దిద్దుకున్నాను. ఇదంతా ఎందుకు రాస్తున్నావని అడిగితే, పత్రం కోసం అన్నాను. ఏ పత్రమో అప్పుడు విడమరిచి చెప్పలేదు.

లైబ్రరీ వార్షిక సంచికలో కథ అచ్చయింది. సంచిక సంపాదకులు కామేశం గారే. మొదటి పేజీలో ఆయన గేయం ఉంది కనుక మిగతా పేజీలు ఆయన చదవలేదు. తర్వాతి సమావేశంలో సూర్యారావు గారు ముప్పై ఒకటో పేజీ తెరిచి లక్షణాలు వినిపించారు. టీ చల్లారేలోగా ఏకగ్రీవం అయింది. ఇంత స్పష్టమైన కేసు ఈమధ్య రాలేదన్నారు కామేశం గారు. ఈ పాత్ర చాలా సహజంగా ఉందని, రచయిత్రి ఎవరో గానీ మనుషుల్ని బాగా పరిశీలించారని మెచ్చుకున్నారు. హేమనళిని కథ మొదటినుంచి చివరిదాకా చదివి, నన్నొకసారి చూసి, సంతకం పెట్టారు. ఐదువందల లెక్కలో అది ఆఖరిది. సంరక్షకురాలిగా నేను సంతకం పెట్టాను. నాకు శాలువా ఇవ్వబోతే వద్దన్నాను.

పత్రం పట్టుకుని పరుగున ఇంటికి వచ్చాను. భ్రమరాంబ మిషను ఆపి, కళ్లకద్దుకుని, పసుపు రాయడానికి లేచింది. తరణి చదివింది. మళ్లీ చదివింది. తిరిగి నా చేతిలో పెట్టింది.

"ఇది నాది కాదు. ముప్పై ఒకటో పేజీలో తరణిది."

పేరు ఒకటే కదా, నాన్న పేరు ఒకటే కదా అన్నాను.

"మా క్లాసులో ఇద్దరు దివ్యలున్నారు. ఒకళ్ల హాల్ టికెట్ ఇంకొకళ్లకి పనికిరాదు."

"నువ్వే కదే ఆ కథలో పిల్లవి," అంది తల్లి.

"ఆ కథ అయిపోయింది. నేను అవలేదు."

ఎంత చెప్పినా వినలేదు. భ్రమరాంబ తల పట్టుకుంది. దీనికి అబద్ధం నోట పట్టదక్కా, హాలులో ఎవరైనా నీదేనా అని అడిగితే కాదనేస్తాది, అప్పుడు ఉన్న పరీక్షా పోతాది అని ఏడ్చింది. నిజమే. నేను అన్నీ ఆలోచించాను గానీ ఆ పిల్ల నిజం చెబుతుందన్నది ఆలోచించలేదు. ఆ లక్షణం నేనే కథలో రాశాను.

అప్పుడు తరణి అడిగింది. కామేశం గారికి పైన ఎవరు ఉంటారు? కమిషనరు ఉంటారు అన్నాను. ఎక్కడ ఉంటారు? రాజధానిలో ఉంటారు, లక్ష్యం పూర్తయినందుకు ఈ శనివారం లైబ్రరీకి అభినందన సభకు వస్తున్నారు అన్నాను. అయితే శనివారం వెళ్దాం అంది.

సభ అంటే మైకు, చప్పట్లు, సన్నాయి. వద్దన్నాం. చెవుల్లో దూది పెట్టుకుని, తల్లి చిటికెనవేలు పట్టుకుని వచ్చింది. వేదికమీద గవరయ్య నిలువెత్తు బొమ్మ. కమిషనరు గారి మెడలో దండలు. కామేశం గారు నివేదిక చదివారు: ఇందుమూలముగా జిల్లా యావత్తూ గర్వించదగిన రీతిలో నూటికి నూరు శాతం లక్ష్యసాధన జరిగినదని, ఒక్క లబ్ధిదారు నుంచి అయినా ఫిర్యాదు రాలేదని. చప్పట్లు ఆగేదాకా తరణి మెట్ల పక్కన నిలబడి ఉంది. ఆగాక పైకెక్కింది. తల్లి వెంట వెళ్లింది. నేను వాళ్ల వెనక నిలబడ్డాను.

పత్రం కమిషనరు గారి బల్లమీద పెట్టి, బల్లనే చూస్తూ చెప్పింది. "ఇది నాది కాదండి. నాది నాకిప్పించండి."

కమిషనరు గారు పత్రం చూశారు, పిల్లను చూశారు. ఎవరీ అమ్మాయి అని అడిగారు. కామేశం గారికి చెమట పట్టింది. ఆయన ముందు రెండు దారులున్నాయి. ఈ పిల్ల మనిషి అంటే కథలో ఉన్నది ఎవరన్న ప్రశ్న వస్తుంది, లెక్కలో ఒకటి తగ్గుతుంది, లక్ష్యం పోతుంది. మనిషి కాదంటే ఎదురుగా నిలబడి మాట్లాడుతోంది. ఆయన మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా, ఇది మన పథకానికి లభించిన అపూర్వమైన ఫలితం. గుర్తింపు పొందిన పాత్ర స్వయంగా సభకు విచ్చేసింది."

చప్పట్లు మోగాయి. ఎవరో శాలువా కప్పారు. తరణి దాన్ని తీసి, అంచులు కలిపి మడిచి, గుచ్చుకుంటుందని చెప్పి కుర్చీమీద పెట్టింది. కమిషనరు గారికి ముచ్చటేసింది.

"కథలోంచి వచ్చావా అమ్మా?"

"గొల్లవీధి నుంచండి. ఆటోలో వచ్చాం."

సభలో నవ్వులు లేచాయి. కమిషనరు గారు నవ్వలేదు. కామేశం గారిని దగ్గరకు పిలిచి, ఈ పిల్ల బతికి ఉందా లేదా అని సూటిగా అడిగారు. కామేశం గారు చేతులు కట్టుకున్నారు.

"బతికి ఉన్నట్లు కనిపించినంత మాత్రాన సజీవురాలని తొందరపడి నిర్ధారించలేము సార్. నిపుణుల నివేదిక కావలసి ఉంటుంది."

నిపుణులు ఎవరని అడిగారు కమిషనరు గారు. రెండో వరసలోంచి హేమనళిని లేచారు.

"నేనేనండి. కానీ బతికి ఉన్నవాళ్లను పరీక్షించకూడదని నాకు ఉత్తర్వు ఉంది."

"బతికి ఉందో లేదో తేలనప్పుడు ఆ ఉత్తర్వు ఎలా వర్తిస్తుంది?"

"వర్తించదండి," అన్నారు ఆవిడ. అంత త్వరగా ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. సంచీ అప్పటికే భుజాన వేసుకున్నారు.

పరీక్షించి, ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు సమగ్రంగా రాసిమ్మన్నారు కమిషనరు గారు. ఎక్కడ పరీక్షించాలన్న ప్రశ్న వచ్చింది. పాత్రో మనిషో తేలేవరకు పాత్రగానే చూడాలి కనుక ప్రశాంత మందిరం తెరిచారు. వాచ్‌మన్ పక్కకు తప్పుకున్నాడు. తల్లి, పిల్ల, డాక్టరు లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు.

బయట సభ నడిచింది. గేయం పాడారు. వీరభద్రం గారు గవరయ్యపై ప్రసంగించారు. నేను అద్దం తలుపులోంచి చూస్తూ నిలబడ్డాను. తరణి చెవుల్లో దూది తీసి తల్లి చేతిలో పెట్టింది. హేమనళిని చాలాసేపు ఏమీ అడగలేదు, పక్కన కూర్చున్నారంతే. తర్వాత ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. తర్వాత భ్రమరాంబ మాట్లాడింది, చీరచెంగుతో మొహం తుడుచుకుంటూ. సాయంత్రం ఫలహారాలు అయిపోతుండగా వాళ్లు బయటకు వచ్చారు.

నివేదికలో మొదటి వాక్యం, "బతికి ఉంది" అని. తక్కినది ఆ పిల్ల గురించి. దేనికి బెదురుతుంది, ఎక్కడ నిలబడగలదు, ఏమి వచ్చు, ఏమి కావాలి. ఆటిజం ఉందని, వేరే గది, ఇంకో గంట సమయం ఇవ్వాలని ఆఖర్న రాసి ఉంది. రైలుకు టైమవుతోందని కమిషనరు గారు మొదటి వాక్యం మాత్రం చదివి, ఆమోదించడమైనది అని ఆఖర్న సంతకం చేశారు. కామేశం గారికీ తృప్తి కలిగింది. కథలో తరణి ఐదువందల్లో ఉండిపోయింది, గొల్లవీధి తరణిని అనుబంధంలో చేర్చారు. లక్ష్యానికి ఒకటి ఎక్కువే వచ్చినట్టు పేపర్లో వేయించారు. ఆ ఒకటే ఆయన ప్రమోషనుకు పనికొచ్చిందంటారు.

తరణి పత్రం చదువుకుని, ఇది నాది అంది. దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది.

పరీక్షలకు వేరే గది వెతికితే ఊళ్లో అంత నిశ్శబ్దమైన గది ఇంకొకటి దొరకలేదు. ప్రశాంత మందిరంలోనే బల్ల వేశారు. ఇన్విజిలేటరు చెప్పులు బయట విడిచి కూర్చున్నాడు. చుట్టూ అరల్లో గవరయ్య, గుడ్లగూబ, మిగతా అందరూ జానెడు దూరంలో ఎవరి పేజీల్లో వాళ్లు ఉన్నారు. తరణి అన్ని పరీక్షలూ చివరిదాకా కూర్చుని రాసింది. మే నెలలో ఫలితాలు వచ్చాయి. అన్నీ పాసయింది. లెక్కల్లో నలభై ఒకటి. గవరయ్యకు చెప్పొద్దులే అన్నారు హేమనళిని, ఫోనులో. ఆవిడకు మంగళవారాలు తిరిగొచ్చాయి.

వానలు మొదలయ్యాక ఆడిట్‌వాళ్లు వచ్చారు. పథకం జాబితాలన్నీ తనిఖీ చేసి, అంతా సక్రమంగా ఉందని రాశారు. ఒక్క లోపం మాత్రం పట్టుకున్నారు. అనుబంధంలోని ఒక లబ్ధిదారు బతికి ఉన్నట్లు క్షేత్ర పరిశీలనలో తేలిందట. భ్రమరాంబ ఇంటికి నోటీసు వచ్చింది. సదరు లబ్ధిదారు ఇప్పటికీ అదే స్థితిలో కొనసాగుతున్నారా, అయినచో అందుకు గల కారణమేమి, సంజాయిషీ ఇవ్వవలెను.

భ్రమరాంబ నోటీసు పట్టుకుని మేడెక్కింది. ఇలాంటివాటికి జవాబు జాగ్రత్తగా రాయాలి, ఒక్క మాట అటూ ఇటూ అయినా చిక్కే అని, నేను కళ్లజోడు పెట్టుకుని, పై విషయమును పురస్కరించుకొని అని మొదలుపెట్టాను. రెండు పేరాలు అయ్యేసరికి తల్లిని వెతుక్కుంటూ తరణి పైకి వచ్చింది. నోటీసు చదివింది. ప్రశ్న తననే అడిగారు కదా అంది. నా చేతిలో పెన్ను తీసుకుని, నోటీసు అడుగున ఖాళీలో రాసి, పేరు కింద సంతకం పెట్టింది. నేను దిద్దుదామని చూశాను. దిద్దడానికి ఏమీ లేదు.

"కొనసాగుతున్నాను. కారణం తెలియదు. ఇంటర్‌లో చేరాను."